కలుక్కు

డులూత్‌లో అక్టోబరుకే మూడు పొరల బట్ట.
విప్పే ఓపిక లేక
స్వెటర్ మెడ పక్కకి లాగి
ఇక్కడ పొడిచెయ్ బాబూ, అన్నాను.
నేను కుర్చీలో. అతను నిలబడి.
తేడా రెండు వేళ్ల ఎత్తు, అంతే.
సూది కండని తప్పి
ఎముకకీ ఎముకకీ మధ్య మెత్తటి తిత్తిలోకి దిగింది.
టోబయస్, అని ఉంది తెల్లకోటు మీద.
పిల్లల కోసం తెప్పించిన చేపబొమ్మల పట్టీ అంటించి
చాక్లెట్ కూడా ఇచ్చాడు.

మర్నాడు లైబ్రరీలో
పై అరలోకి అట్లాసు ఎత్తబోతే
కలుక్కుమంది.

ఆ తర్వాతి కథంతా
ఆ ఒక్క మాటకి ఇంగ్లీషు వెతకడమే.

ఒకటి నుంచి పది దాకా ఎంత? అడిగింది డాక్టరు.
ఏది ఎంత, తల్లీ?
పొద్దున తల దువ్వుకుంటే పోటు,
మధ్యాహ్నం పుస్తకాల బండి తోస్తే గుంజు,
రాత్రి ఆ పక్కకి ఒత్తిగిలితే సలుపు,
మంచు పడబోయే ముందు తీపు,
సీటు బెల్టు కోసం చెయ్యి వెనక్కి పెడితే
జివ్వున మోచేతి దాకా పాకేది ఇంకోటి,
దానికి మా తెలుగులోనూ పేరు లేదు.
ఇవన్నీ కూడాలా, సగటు తియ్యాలా?
ఆరు, అన్నాను.
రాసుకుంది.

లాయరు ప్రూయెట్ ఫోనులో చెప్పింది:
ఇందులో ముద్దాయి లేడు.
దావా ఆ అబ్బాయి మీద కాదు, మందు కంపెనీ మీదా కాదు,
ప్రభుత్వం మీద.
ప్రతి టీకాకీ డెబ్బై అయిదు సెంట్లు పడే హుండీ ఒకటుంది,
నూటికో కోటికో మీలాంటి వాళ్లకని.
మీరు గెలవాల్సింది మనిషిని కాదు, గడియారాన్ని.
నలభై ఎనిమిది గంటల్లోపు మొదలైందా,
ఆరు నెలలు దాటినా వదల్లేదా,
అంతే.

కలుక్కుమన్న చప్పుడు
నాకు తప్ప ఎవరికి వినపడింది?
ఫోనంతా తిరగేస్తే దొరికింది,
ఆ రాత్రి తొమ్మిదీ పన్నెండుకి
శాక్రమెంటోలో మా తోడికోడలు హైమకి పెట్టిన మెసేజీ:
రవిక చెయ్యి ఎక్కట్లేదే, రేపు ఫంక్షన్‌కి ఏం కట్టను?
స్టాంపు గుద్దిన అనువాదం వచ్చింది, తొమ్మిదో నంబరు సాక్ష్యం.
జాకెట్టు యొక్క హస్తము అధిరోహించుట లేదు,
అలా ఉంది ఆ ఇంగ్లీషు.
ప్రూయెట్ రెండుసార్లు చదివి, నవ్వి, సారీ చెప్పి
టైము పడింది కదా, ఇది చాలు, అంది.

రెండేళ్ల నాలుగు నెలలు.
వంటింటి గోడ మీద వేళ్లు సాలీడులా పాకించడం,
అందిన చోట మా ఆయన పెన్సిలు గీత,
ఎదిగే పిల్లకి పెట్టినట్టు.
ఒక్కో వారం గీత కిందకి దిగేది.
మార్లిస్‌కి అరవై ఏడు, మోకాళ్లు అరిగాయి,
అయినా నా బండిలోంచి పై అర పుస్తకాలు ఏరుకుని
మాట్లాడకుండా స్టూలెక్కేది.
ఆమె ఎక్కిన మెట్లకి
దరఖాస్తులో గడి లేదు.

చెక్కు వచ్చింది.
ఫిజియోథెరపీకి ఇంత, పోయిన జీతానికి ఇంత,
నొప్పికీ బాధకీ కలిపి ఒకే అంకె, గుండ్రంగా.
పొయ్యి పక్కన పెట్టి, పప్పు తాలింపయ్యాక మళ్లీ చూశాను.
తక్కువా కాదు, ఎక్కువా కాదు.
దాన్ని ఏ చేత్తో అందుకోవాలో తెలీలేదు కాసేపు.

మళ్లీ అక్టోబరు. అదే తెర, అదే కుర్చీ.
టోబయస్ గడ్డం పెంచాడు.
అతని పేరు కోర్టు అడగలేదు, నేనూ చెప్పలేదు,
అందుకని అతనికి ఏమీ తెలీదు.
చెప్పాలని నోటిదాకా వచ్చింది.
మూడు పొరలూ ఒకటొకటిగా విప్పాను.
కుడిచెయ్యి, అన్నాను.
ఇంకో కుర్చీ లాక్కుని నువ్వూ కూర్చో బాబూ.
వింతగా చూసి కూర్చున్నాడు.
ఇక్కడేనా? అని దూది పెట్టాడు.
ఇంకొంచెం కిందకి, అన్నాను.