గేటు దగ్గర

"గేటు దగ్గర ఆగి, ఎడమ సందులోకి రండి" అన్నాను ఫోన్లో.
పావుగంట తర్వాత మళ్లీ మోగింది.
"ఇక్కడ గేటేం లేదండీ.
పెద్ద రోడ్డు, మధ్యలో మొక్కలు, ఓ ఏటీఎం."

నిజమే బాబూ.
సత్యనారాయణపురంలో గేటు లేక ఏళ్లయింది.
పట్టాలు ఊడదీశారు, కంకర లారీలకెత్తారు,
రైలుకట్ట వెడల్పాటి రోడ్డయి పడుకుంది.
గేటు ఒక్కటే మా నోళ్లలో
వేసింది వేసినట్టే ఉండిపోయింది,
ఎత్తే మనిషి లేక.

ఆ మనిషి పేరు ఇన్నయ్య.
గుణదల నుంచి సైకిలు మీద వచ్చేవాడు,
చంకలో ఎర్రజెండా పచ్చజెండా కలిపి చుట్టి,
అన్నం కారేజీ హేండిలుకి తగిలించి.
రైలంతటి రైలుని ఆపేస్తాడని
మేం స్కూల్లో గొప్పలు చెప్పేవాళ్లం.
"నేనాపేది బండిని కాదర్రా, మిమ్మల్ని" అనేవాడు.

గేటు పడితే ఊరు నిలబడేది.
కాన్వెంటు రిక్షా, కిరసనాయిలు బండి,
వ్రతానికి ఆలస్యమైన పురోహితుడు,
ఆయన సైకిలు వెనక అరటి పిలకలు,
ఒకరి చెమట వాసన ఒకరికి తెలిసేంత దగ్గరగా.
పలకరింపులు అక్కడే, అప్పులడగడాలూ అక్కడే.
నెలల తరబడి తప్పించుకు తిరిగేవాడు కూడా
గేటు దగ్గర దొరికిపోయేవాడు.
జామకాయల నాంచారమ్మకి ఆ పన్నెండు నిమిషాలే బజారు.
"గేటు పడితేనే నా పొయ్యి లేస్తదమ్మా" అనేది,
కాయ కోసి ఉప్పూ కారం అద్దుతూ.
మధురానగర్ వైపు కూత వినబడితే
ఆ చేతులు రెండింతల వేగం.

మా వాటా గోడ రైలు కన్నా ముందు వణికేది.
కేలండరు ఒక్క మేకు మీద ఊగి ఊగి
శనాదివారాలు కలిసిపోయేవి.
అమ్మ మాట్లాడుతూ మాట్లాడుతూ ఆగి,
ఆఖరి పెట్టె వెళ్లాక
ఆపిన అక్షరం దగ్గరే అందుకునేది.
రైళ్లు మానేశాక కూడా కొన్నాళ్లు
సాయంత్రం ఆరింటికి అలాగే ఆగేది.
ఏమీ రాకపోతే
ఏం చెబుతోందో మరిచిపోయేది.

ఇప్పుడంతా అపార్టుమెంట్లు.
ఐదిళ్ల వరస పోయి ఐదంతస్తులు లేచాయి.
కాఫీపొడి మర పోయింది. ఆ మలుపుని మాత్రం
ఇంకా కాఫీమర మలుపనే అంటాం;
అక్కడిప్పుడు కళ్లజోళ్లు అమ్ముతారు.
రైల్వే గుమాస్తా శేషావతారం గారి అరుగు,
రోజూ పేపరు పైకి చదివి వినిపించిన అరుగు,
మోటారు సైకిళ్ల కింద ఎక్కడో ఉంది.
దారి అడిగితే మేమంతా లేనివే చూపిస్తాం.
ఉన్నవాటికి పేరు పెట్టే తీరిక
ఎవరికీ దొరకలేదు.

పట్టాలు తీసిన ఏడాది
పాత స్లీపరు చెక్కలు వేలంలో పోతుంటే
నాన్న ఓ ముక్క కొనుక్కొచ్చి పీట చేయించాడు.
బరువు. ఇద్దరు పట్టాలి.
ఇల్లు మూడుసార్లు మారినా వెంటే వచ్చింది.

కుర్రాడు చివరికి వచ్చాడు,
మిక్సీ జారు అట్టపెట్టె మోసుకుంటూ.
పేరు సుభానీయట, ఊరు నున్నట.
లిఫ్టు పనిచేయడం లేదు, మాది మూడో అంతస్తు,
బయట మే నెల బెజవాడ.
మజ్జిగ ఇస్తే ఆ పీట మీదే కూలబడ్డాడు.
"ఏంటండీ, తారు వాసనొస్తోంది?"
"నువ్వు వెతికిన గేటులో మిగిలింది అదేనయ్యా."
నవ్వాడు. నమ్మినట్టు లేదు.

సంతకం పెట్టించుకుని దిగుతుంటే ఎవరిదో ఫోను.
"గేటు దగ్గరున్నానన్నా, వచ్చేస్తున్నా."
రెండో అంతస్తు మలుపులోంచి వినిపించింది.
ఏ గేటని అవతలివాడు అడగలేదు కాబోలు,
చెప్పుల చప్పుడు
ఆగకుండా కిందికి పోయింది.