శనివారం ఆరింటికి

నా పని రేపటితో బేరమాడటం.
వాసా ఊళ్లో, మూడో అంతస్తులో, కాఫీ మరకల బల్ల దగ్గర
గంటకొకటి చొప్పున ఇరవై నాలుగు అంకెలు.
ఒంటిగంట కొట్టేలోగా వేలానికి పంపెయ్యాలి.
ఆ తర్వాత ఏ గంట జాతకం దానిది.

గురువారం వేయిక్కో ఫోన్ చేశాడు.
పడవలు కట్టిన మేస్త్రీ, ఒకప్పుడు మా పక్కిల్లు.
ఉపోద్ఘాతాలుండవు ఆయనకి.
"శనివారం మా చెల్లెలొస్తోంది. సౌనా ఎన్నింటికి వెయ్యను?"

తెరమీద, సముద్రం మీంచి
గాలి నీలంగా వచ్చేస్తోంది.
అణుకేంద్రం నిండుగా నడుస్తోంది,
స్వీడన్ నుంచొచ్చే తీగలో బోలెడు చోటుంది.
"ఆరింటికి వెయ్యండి, దాదాపు ఉచితం," అన్నాను.
ఆ 'దాదాపు' ఆయన చెవికి ఎప్పుడూ ఎక్కదు.

గాలి వచ్చింది.
నేను చెప్పిన వేగంతోనే, చెప్పిన దిక్కునుంచే.
దాని చెయ్యి పట్టుకుని సన్నటి చెమ్మ కూడా వచ్చింది.
తీరం పొడుగునా మరల రెక్కలకి మంచు పట్టింది.
వేలెడు మందం చాలు,
అలకపాన్పు ఎక్కిన కొత్తల్లుళ్లలా
అంతంత మరలూ బిగుసుకుపోయాయి.

శుక్రవారం రెండింటికి ధరలు వచ్చాయి.
శనివారం ఆరింటి గడిలో నా అంకె మూడు.
అసలు అంకె నాలుగువందల పన్నెండు.

"సగటున ఈ నెల మన తప్పు ఆరు యూరోలే,"
అంది హిల్లెవి, నా భుజం మీద చెయ్యేసి.
నిజమే.
కానీ సగటు గంటలో ఎవరూ స్నానం చెయ్యరు.

ఫోన్ చేసి చెప్పాను.
అటువైపు కాసేపు దగ్గు.
"పాత కొట్లో కట్టెల పొయ్యి ఉందిలే.
భూర్జం మొద్దులు, మే నెలలో చీల్చాను.
వాటి ధర నా నడుముకి అప్పుడే తెలిసింది.
నువ్వూ రా."

ముగ్గురం చెక్కబల్ల మీద, మసక లాంతరు కింద.
రాళ్లమీద నీళ్లు పడ్డప్పుడల్లా
ఆవిరి చెవుల్ని కొరుకుతోంది.
బయట ఆ గాలి, నా గాలి,
ఎవరికీ పనికిరాకుండా గోడకేసి కొట్టుకుంటోంది.
"ఏం చేస్తుంటావమ్మా?" అడిగింది ఐలి.
"జోస్యం," అన్నాడు వేయిక్కో, నా బదులు.
ముగ్గురం నవ్వాం. నేను కొంచెం ఆలస్యంగా.

గడప దాటుతుంటే వెనకనుంచి,
"ఇది మంగళవారం దాకా ఉంటుందిట. ఆ రోజు ఎన్నింటికి?"

తెలియదని చెప్పాలి.
తలలోంచి పొగలు పోతున్నాయి చలికి,
చెప్పులోకి మంచు దూరింది,
నా నోట్లోంచి అప్పటికే
ఒక అంకె జారిపోయింది.