నెలకు ఇరవై వాటాలు

ఇరవై నాలుగో తారీకు జీతం పడుతది.
నూట ముప్పై రియాళ్ళు.
తొంభై ఇంటికి, పద్దెనిమిది మెస్సుకు,
ఇగ ఫోను, సబ్బు, మోకాళ్ళకు మలాము.
వీటన్నిటి కన్న ముందే
రెండు రియాళ్ళ ఎనిమిది వందల బైసాలు
కంపెనీ కోసుకుంటది.
కోయమని సంతకం పెట్టింది నేనే.

బైసా అంటే మన పైసనే.
సముద్రం దాటంగ పెదవులు జర గట్టిగ కలిసినయి, గంతే.

బర్కా ఒడ్డున ఉప్పునీళ్ళను
మంచినీళ్ళు చేసే కంపెనీ మాది.
నేను దాని జల్లెళ్ళు కడిగేటోన్ని.
నెలకు ఇరవై వాటాలు.
దళారి లేడు, కమీషన్ లేదు,
లెక్కలు రాసే హమూద్ దగ్గర
ఒక పచ్చ ఫైలు, దాంట్ల నా పేరు
అరబ్బీల, కుడి నుంచి ఎడమకు.

బుచ్చిమల్లు పై మంచం మీంచి నవ్విండు.
"ఇరవై వాటాలకు ఎంత సముద్రం వస్తదిరా,
దోసెడా? చెంచెడా?"
"లసుమయ్య చీటీ యాదికున్నదా?" అన్న.
నవ్వు ఆగింది.

నలభై మంది పైసలు
ఒక్క సూట్‌కేసుల సర్దుకొని
రాత్రి విమానం ఎక్కిండు లసుమయ్య.
మంచం కింద ఆయన చెప్పుల జత
ఆరు నెలలు ఉన్నది.
ఎవ్వలూ తొడుగలే, ఎవ్వలూ పారెయ్యలే.

వాటా ధర నూట నలభై నుంచి
నూట పన్నెండుకు దిగిన నెల
పచ్చ ఫైలు ముందు నిలబడ్డ.
"మునిగిన్నా?" అని అడిగిన.
హమూద్ తల ఎత్తకుండ
"టమాటలు అగ్గువైతె ఏడుస్తవా?" అన్నడు.
ఆ నెల ఇరవై ఐదొచ్చినయి.

ఏడాదికి రెండు వందల నలభై ఐదు.
ఒక శుక్రవారం బట్టలు పిండుతుంటే
ఫోను మోగింది: వాటాకు ఏడు బైసాల చొప్పున
ఒక రియాలు ఏడు వందల పదిహేను.
నురగ చేతుల్తోనే మూడుసార్లు చదివిన.
చెమట అంటని పైసలు
ఎట్లుంటయో నాకు తెల్వది.
చూద్దామంటే చేతికి రాలే,
అవి గూడ వాటాలే అయినయి.

మూడో ఏడు సముద్రం ఎర్రగ మారింది.
నాచు. కుళ్ళిన చేపల వాసన.
జల్లెళ్ళన్నీ జిగురు పట్టి
మిషన్లు ఒకటెనక ఒకటి నోరు మూసినయి.
రాత్రిళ్ళు పన్నెండు దాక గీకినం.
ఓవర్‌టైం నలభై ఒక్క రియాళ్ళు.
ఆ ఏడు వాటాదారులకు మాత్రం
సున్న.
ఎవలి మీద కోపం జేసుకోవాలె?
నాకు రావల్సినవి
నేనే కూలిగ తీసుకుంటిని కావచ్చు,
గోళ్ళ సందున ఇంక ఎర్రగనే ఉన్నది.

కాయితం వచ్చింది కంపెనీ నుంచి:
"గౌరవనీయులైన వాటాదారు గారికి."
గేటు కాడ నేను నాలుగు వందల పదిహేడు.
ఆ కాయితాన్ని మడత పెట్టి
పాస్‌పోర్టు జిరాక్సుల నడుమ దాచిన.

మార్చికి నా బతాకా గడువు అయిపోతది.
కొత్తది కొట్టిస్తరో, పొమ్మంటరో.
పోతే వాటాలు ఏమయితయని అడిగిన.
"వాటికి వీసా అక్కరలేదు" అన్నడు హమూద్,
"చిరునామా మారితె మాత్రం రాయి."

నిన్న రాత్రి కాంపు బాత్‌రూముల
నల్లా కారుతున్నది.
నాలుగేండ్ల సంది కారుతనే ఉన్నది.
వచ్చినప్పటి సంది ఆ సప్పుడుకే నిద్రపోయిన.
నిన్న పట్టలే.
పానా తీసుకొని లేస్తుంటే
బుచ్చిమల్లు ఒక కన్ను తెరిచిండు.
"పిచ్చోడా, నీళ్ళు ఎంత కారితె
మీ కంపెనీకి గంత లాభం గదరా."

నిజమే. చీకట్ల నిలబడి
ఎంత లెక్కేసినా తేలలే.
పోయి, నల్లా బిగించి వచ్చిన.