ముప్పై మూడూ, మూడో వంతూ

నరసాపురంలో, పంటు రేవుకెళ్ళే సందులో
నాది మోటార్లు చుట్టే కొట్టు.
రొయ్యల చెరువుల్లో నీళ్ళు చిలికి చిలికి
కాలిపోయిన ఏరేటర్లు
ఉప్పు మరకలతో నా గుమ్మంలోకొస్తాయి.
వార్నీషు వాసన నా క్యారేజీ అన్నానికి కూడా పట్టింది.

ఓ సాయంత్రం తిరుమాని భద్రంగారు
గోనెపట్టాలో చుట్టి ఒకటి తెచ్చారు.
"మైకు సెట్టు ఎత్తేశానండీ. హారన్లు అమ్మేశాను.
దీన్ని అమ్మబుద్ధి కాలేదు."
విప్పితే, జపాను పళ్ళెం.
పక్కల చుట్టూ ఎండిన ఒండ్రు గీత:
ఎనభై ఆరు వరద తన గదిలో ఎంతదాకా లేచిందో
అది ఒంటి మీదే రాసి పెట్టుకుంది.

పళ్ళెం ఎత్తి చూశాను.
బెల్టు లేదు. పుల్లీ లేదు.
పళ్ళేనికే అడుగున అయస్కాంతం ఉంగరం,
దాని కింద పళ్ళెంలో చేగోడీలు సర్దినట్టు తీగ చుట్లు.
తిప్పేదీ తిరిగేదీ ఒకటే.
ముప్పై ఏళ్ళుగా చుట్లు చుడుతున్నవాణ్ణి,
నిమిషానికి పద్నాలుగొందల సార్లు పరిగెత్తేవే ఎరుగుదును;
ముప్పై మూడూ, మూడో వంతు తిరగడానికి
ఇంత తపస్సా అని
తుడిచిన చేత్తో దణ్ణం పెట్టుకున్నాను.

ఒండ్రు గీకాను.
ఇరుసు గుంటలో ఒక్క చుక్క కుట్టుమిషను నూనె.
ఉబ్బిన కెపాసిటర్లు పీకి కొత్తవి వేశాను.
వేగం దిద్దే జారుడు బొత్తాం
పదమూడో ఎక్కం దగ్గర పిల్లాడిలా
మధ్యలో తడబడేది;
స్పిరిటుతో మూడుసార్లు కడిగితే గుర్తుకొచ్చింది.

అడుగు చెక్కని చెదలు ఎప్పుడో తినేశాయి.
మొగల్తూరు రోడ్డు మిల్లులో పనస దుంగ కోయిస్తుంటే
"వీణ చేస్తావేంటి?" అన్నాడు కామందు.
"కాదండీ, పాట కూర్చునే పీట."
కింద నాలుగు ఏరేటరు రబ్బరు బుష్షులు.
సందులో లారీ వెళ్తే సూది గెంతకూడదు కదా.

సూది చేతికి వెనక బరువు పోయింది.
ఓలేటి పోలరాజు పాత వల అంచు విప్పి
సీసపు గుళ్ళు గుప్పెడిచ్చాడు.
కరిగించి, లేతు మీద తిప్పించి,
కంసాలి త్రాసు దగ్గర ఊపిరి బిగబట్టి
రెండు గ్రాముల దగ్గర ఆపాం.
వలని ముంచిన సీసం
ఇప్పుడు సూదిని తేలుస్తోంది.

ఇక ఎరుపు, తెలుపు, పచ్చ, నీలం,
వెంట్రుకంత తీగలు నాలుగు.
నా మొద్దు వేళ్ళకి లొంగలేదు.
ఎదురింట్లో లేసు అల్లే కరుణమ్మ
కళ్ళజోడు సర్దుకుని "ఇటివ్వండి, దారమేగా" అంది.
సోల్డరు పొగకి రెండుసార్లు తుమ్మి
నాలుగు ముళ్ళూ వేసేసింది.
కూలెంతంటే "పాడినప్పుడు పిలవండి చాలు" అంది.
మర్నాడొచ్చి నలభై రూపాయలు పట్టుకెళ్ళింది.

ఆదివారం మధ్యాహ్నం.
పళ్ళెం అంచున చుక్కల బారు, దాని మీద ఎర్ర దీపం.
వేగం కుదిరితే చుక్కలు నిలబడాలి,
తిరుగుతూనే నిలబడాలి,
వశిష్ఠ నడుమ పంటు
గట్టు మీదవాళ్ళకి కదలనట్టుండదూ, అలా.
బొత్తాం వెంట్రుకవాసి జరిపాను.
నిలబడ్డాయి.
వెయ్యి పెళ్ళిళ్ళలో అరిగిన రికార్డొకటి వేశారు భద్రంగారు.

అంతలో కరెంటు పోయింది.
పాట బొంగురుపోయి, మూలిగి, ఆగింది.
జనరేటరు తాడు లాగాను. పళ్ళెం మళ్ళీ లేచింది.
కానీ చుక్కలు వెనక్కి జారుతున్నాయి,
చీమల బారులా, ఆగకుండా.
కంగారుగా బొత్తాం మీద చెయ్యి వెయ్యబోతే
భద్రంగారు మణికట్టు పట్టుకున్నారు.
"పళ్ళెం సరిగానే ఉందండీ.
దీపమే మీ జనరేటరు మాట వింటోంది.
కళ్ళు మూసుకోండి."

కరెంటుతోనే బతుకుతున్నవాణ్ణి, ఆ సంగతి నాకు తట్టలేదు.
మూసుకున్నాను.
ఐసు పెట్టెల లారీ సందంతా అదరగొట్టుకుంటూ పోయింది.
గొంతు తొణకలేదు.

పాట అయిపోయింది. సూది లోపలి గాడిలో చిటపటమంటోంది.
గుమ్మంలో కరుణమ్మ,
కొక్కెం ఒక కన్ను మధ్యలోనే ఆగిపోయి,
"రెండో వైపు కూడా ఉంటుందాండీ?" అంది.