రెప్ప లోపలి వైపు

నోటు పుస్తకం మూసెయ్, ఫికిర్తె.
కాలేజీలో నువ్వు గీసుకొచ్చిన మెట్లు
ఇవాళ పైనుంచి కిందికి దిగుదాం.
ఈ కొండ మీద రోగం అలాగే కనబడుతుంది,
చివర ముందు, మొదలు ఆఖరున.

ఈ ముసలావిడ అస్నాకెచ్.
మెడలో వేలాడుతున్నది శిలువ కాదు,
పట్టకారు. చిటికెన వేలంత.
కమ్మరి మంగెషా చేసిచ్చి ముప్ఫై ఏళ్లు.
గుమ్మంలో ఎండకు ఎదురుగా కూర్చుని
తన రెప్పవెంట్రుకలు తనే పీక్కుంటుంది,
అద్దం లేకుండా, తడిమి తడిమి.
కంటికి రెప్పలా అంటాం కదా,
ఈమె రెప్ప లోపలికి తిరిగింది.
కంచే చేను మేసింది.
మూస్తే గీత, తెరిస్తే గీత.

రేపు బడి బల్ల మీద పడుకోబెట్టి
రెప్పను కోసి, బయటికి తిప్పి కుడతాను.
గీరుడు ఆగుతుంది.
నల్లగుడ్డు మీద పూసిన పువ్వును మాత్రం
కోయలేను.
మిగిలిన చూపు మిగిలి ఉండటానికే ఈ కుట్లు.
ఆమె అడిగిందీ అంతే:
"టెఫ్ గింజల్లో మట్టి ఏరుకునేంత చాలు, బిడ్డా."

పట్టకారు ఇచ్చెయ్యమని అడగకు.
ఇవ్వదు.

ఇప్పుడు మనవరాలు ఎమెబెట్, ఏడేళ్లది.
పై రెప్పను వేలితో తిప్పు.
నీ వేలు వణికితే పిల్ల నమ్మకం వణుకుతుంది,
గోళ్లు చూసుకుని మరీ తిప్పు.
ఎర్రటి లోపలి పొర మీద
ఉడికిన సగ్గుబియ్యంలా ఆ గింజలు.
ఐదు దాటాయా? రాసుకో.
నొప్పి లేదంటుంది. నిజమే.
చూడు, అప్పుడే పరుగెత్తింది ఆటకి.
తనకై తను మన దగ్గరికి వచ్చే రోజుకి
మెడలో ఒక పట్టకారు ఉంటుంది.
అందుకే మనమే వస్తాం, ఏమీ నొప్పిలేనప్పుడు,
పిలవని పేరంటానికి వచ్చినట్టు.

రంగు గీతల కర్రకు ఆనించి నిలబెట్టు అందరినీ.
ఎత్తును బట్టి మందు.
మగపిల్లలు మునివేళ్ల మీద లేస్తారు
అన్నకంటే పొడుగనిపించుకోవాలని.
కర్ర తర్వాత, ముందు మడమలు చూడు.

ఇక వీడు, చంటివాడు బెలాయ్.
ముక్కు కింద చీమిడి, కంటి మూల పుసి,
మూడు ఈగలు.
ఇప్పుడే ఎవరి ముఖం మీద నుంచి లేచి వచ్చాయో
ఈగలు చెప్పవు.

వీడి తల్లి యెషీని నేను తిట్టాను, మొదటి ఏడాది.
"పిల్లాడి ముఖం కడగడానికి కూడా బద్ధకమా?"
ఆమె ఏమీ అనలేదు.
పసుపుపచ్చ డబ్బా నా వీపుకు కట్టి
ఊట దాకా దారి చూపించింది.
దిగడం గంట.
ఎక్కడం, నేను లెక్కపెట్టడం మానేశాను.
యూకలిప్టస్ నీడలో రెండుసార్లు కూలబడ్డాను.
ఇరవై లీటర్లు.
వంటకి, తాగడానికి, దూడకి,
ఆఖరున ముఖానికి.
ఆ రోజు నుంచి నేను ఎవరినీ తిట్టలేదు.

డబ్బా అడుగున మేకుతో చిన్న బెజ్జం పెట్టాం,
పుల్ల బిరడా.
తీస్తే సన్నటి ధార.
పుడిసెడు నీళ్లకి ఒక ముఖం.
ఒక గ్లాసుతో ముగ్గురు పిల్లల్ని కడిగి చూపించాక
నవ్వింది యెషీ, మొదటిసారి.

అయినా ఫికిర్తె, అది కూడా మొదలు కాదు.
మొదలు రేపటి ఊరి సమావేశంలో ఉంది.
పైపు పైకి రావాలి, మరుగుగోతులు తవ్వాలి,
పెద్దలు కాఫీ మూడో కప్పు దాకా మాట్లాడతారు,
పశువుల గొడవ మధ్యలో దూరుతుంది.
నువ్వు కూర్చో. లేవకు.
నర్సుకి ఇక్కడేం పనని ఎవరైనా అంటే
నీ వీపు మీద డబ్బా తాడు మచ్చ చూపించు.
లేదా? అయితే ముందు ఊట దాకా వెళ్లి రా.

కట్టుతో మూసిన కన్ను పక్కకి తిప్పుకుని
అస్నాకెచ్ మనవడి బుగ్గ తడిమింది, మర్నాడు సాయంత్రం.
"తడిగా ఉందేం, ఏడ్చాడా వీడు?"

"లేదమ్మమ్మా," అంది ఎమెబెట్,
పుల్లని మళ్లీ బెజ్జంలో దోపుతూ,
"నేనే కడిగాను."