ఏ నెల గడ్డి

మూరా ఊరి చివర, మంచు కప్పిన కర్రల షెడ్డులో
హిల్డింగ్ కిటికీకి గోనెపట్టా వేలాడదీస్తాడు.
జనవరిలో పొద్దు ఎలాగూ మూడింటికే చచ్చిపోతుంది,
ఆ మిగిలిన పిసరు వెలుతురు కూడా ఆయనకు పడదు.
"ఎండలో ఉక్కు అబద్ధమాడుతుంది" అంటాడు.

పంతొమ్మిదేళ్లు దుంగల లారీ తోలినదాన్ని.
ఇనుమంటే నాకు ఇరుసు, గొలుసు, బోల్టు,
విరిగితే తిట్టాల్సిన వస్తువు.
దానికి లోపలో కాపురం ఉందని
యాభై మూడో ఏట తెలిసింది.
వందలో ఒక పాలైనా లేని బొగ్గు
ఎక్కడ సర్దుకుంటే అదే కత్తి గుణం.
చల్లని ఇనుము దాన్ని గడప తొక్కనివ్వదు.
ఎర్రగా కాలితే గోడలు జరుపుకుని చోటిస్తుంది.
అప్పుడు ఠక్కున చల్లార్చావా,
బయటికి దారి లేక బొగ్గు అక్కడే ఇరుక్కుంటుంది.
ఆ ఇరుకే గట్టిదనం.

ఇది నాకు వెంటనే ఎక్కింది.
ఒక మంచు తుఫాను రాత్రి
ఒక్క గదిలో తొమ్మిదిమంది డ్రైవర్లం చిక్కుకున్నాం.
తెల్లారేసరికి ఎవరిని తాకినా పెళుక్కుమనేలా ఉన్నాం.
ఎవరో కాఫీ కాచాక గానీ
మనుషుల్లో పడలేదు.
"అదే, రెండో కాపుడు" అన్నాడు హిల్డింగ్,
"అది లేకపోతే కత్తి లేదు."

నా మొదటి అలుగును తొందరపడి నీళ్లలో ముంచాను.
టింగ్ అంది.
గ్లాసు అంచుకు చెంచా తగిలినంత చప్పుడు.
అంచు నుంచి వెన్ను దాకా వెంట్రుకంత బీట.
ఆయన తిట్టలేదు. వైసులో బిగించి
సమ్మెటతో ఒక్కటిచ్చి
విరుపును బొటనవేలితో తడిమాడు.
"మెరుస్తోందా?" అని అడిగాడు.
పంచదార పలుకుల్లా మెరుస్తోందన్నాను, కాస్త గర్వంగా.
"మెరిసిందంటే చెడిందని.
మితిమీరి కాల్చావు, రేణువులు బలిశాయి.
మంచి ఉక్కు విరిగితే
బూడిదరంగు ముఖమల్‌లా ఉంటుంది, ఏ డాబూ లేకుండా."
ఆ ముక్క ఇంకా నా కోటు జేబులోనే ఉంది,
తాళాలతో పాటు.

తర్వాత అయస్కాంతం.
అలుగు దాన్ని పట్టించుకోవడం మానేసేదాకా కాల్చు,
ఆపైన ఇంకొంచెం.
ఆ ఇంకొంచెమే ఆరు నెలలు పట్టింది నాకు.

తర్వాత నీడ.
చీకట్లో కళ్లప్పగించి చూస్తేనే కనబడేది.
వేడి లోపలికి పోతూనే ఉంటుంది, ఎరుపు పెరగదు,
ఉన్నదంతా గోడలు జరపడానికే ఖర్చవుతుంది.
అలుగు మీద ఒక మసక పాకుతుంది,
గోధుమచేను మీద మబ్బు దాటినట్టు.
అది దాటిపోయిందా, ముంచాల్సిన వేళ.

ఇవాళ కొలిమి ముందు పక్కన నిలబడి
"యోర్డిస్, నీడ ఎక్కడుంది?" అన్నాడు.
పరీక్ష పెడుతున్నాడనుకున్నా.
"మొన దాటింది."
"ఇప్పుడు?"
"సగం."
"ఇప్పుడు?"
చెప్పబోతూ ఆయన వైపు తిరిగాను.
ఆయన కళ్లు అలుగు మీద లేవు,
దానికి జానెడు పక్కన
ఉత్త నిప్పుల్ని చూస్తున్నాయి.

పాల మీగడ లాంటి పొర, రెండు కళ్లలోనూ.
ఆ గోనెపట్టా, ఆ బొటనవేలు, ఆ "మెరుస్తోందా"
అన్నీ ఒక్కసారి వచ్చి నిలబడ్డాయి.
వాటితో మాట్లాడే తీరిక లేదు.
"పోయింది" అన్నాను.
"ముంచు మరి!"

వెచ్చబెట్టిన ఆవనూనెలో బుస్సుమంది,
గుప్పున మంట లేచి పడింది.
ఆయన ఆకురాయి అందుకుని అంచు మీద ఒక్కసారి లాగాడు,
చెవి వంచి.
గాజు మీద గోరులా జారింది.
నాకంటే ముందే నవ్వాడు.

ఇప్పుడు ఆయన వంటింట్లో ఉన్నాం.
పొయ్యిపెట్టెలో రెండువందల డిగ్రీల మీద అలుగు,
బల్ల మీద కాఫీ.
కళ్ల గురించి నేనడగలేదు, ఆయన చెప్పలేదు.
తలుపు తీయమన్నాడు.
"ఏ రంగు?"
"ఎండుగడ్డి."
"ఏ నెలది?"
వంగి చూశాను. మొహానికి సెగ కొట్టింది.
"ఆగస్టు చివరిది," అన్నాను,
"ఒక వాన పడ్డాక."
కప్పు కింద పెట్టాడు.
"అయితే తీసెయ్."