పంటు మీద చందా పుస్తకం

"ఏ గుడికమ్మా?" అని అడిగారు ముందు.
ఏ గుడికీ కాదండి.
"చర్చి స్లాబా?"
అదీ కాదండి.
"మరి ఎవరికి ఒంట్లో బాగోలేదు?"
అందరూ బాగానే ఉన్నారండి.
తొమ్మిది పాటలున్నాయి, నావే,
వాటికి డబ్బు కావాలి.

సఖినేటిపల్లి రేవులో ఈ మాట పైకి అనడానికి
నాకు మూడు రోజులు పట్టింది.
నాలుగో రోజు పంటు ఎక్కి
మోటారు సైకిళ్ళకీ చేపల తట్టలకీ మధ్య
గిటారు పెట్టె నిలబెట్టి
దాని మీద క్యూఆర్ కాగితం అంటించాను.
పక్కన ఒక రూళ్ళ పుస్తకం.
ఫోను లేనివాళ్ళకీ చెవులుంటాయి కదా.

మొదటి పేరు గెడ్డం కరుణమ్మ,
రొయ్యల షెడ్డులో తలలు తీస్తుంది.
యాభై నోటు ఇచ్చిన వేళ్ళు
ఐసు కొరికి తెల్లగా ఉన్నాయి.
"నా పేరు రాయి, మా ఆయన పేరు రాయకు."
అట్ట మీద అలాగే అచ్చవుతుంది, చూసుకోండి.

వెయ్యి ఇస్తే ఇంటికొచ్చి పాడతానన్నాను.
కేశవదాసుపాలెం నుంచి ఒకాయన ముందే కట్టేసి
"మా గేదె దగ్గర పాడమ్మా,
దూడ పోయాక చేపడం మానేసింది" అన్నాడు.
పాడాను. పేడ వాసనలో రెండు చరణాలు.
చేపిందో లేదో చెప్పలేదు గానీ
వారం పోయాక ఇంకో వంద పంపాడు.

అంబాజీపేట వ్యాపారి డబ్బివ్వలేదు,
పీచు చాపలు నలభై ఇచ్చాడు.
"గోడలకి కొట్టుకో, ఈగ రొద కూడా లోపలికి రాదు."
రేవు పక్కన కురిడీల గోదాం
అలా స్టూడియో అయింది.
అందులో నా గొంతు నాకే కొత్త,
ఎండు కొబ్బరి వాసన వేస్తూ.

ఇక్కడ నదికి తెలిసినవి రెండే,
పోటు, పాటు.
పొద్దున ఉప్పు నీళ్ళు ఎగదన్నుకొస్తాయి,
మధ్యాహ్నానికి ఏమీ ఎరగనట్టు వెనక్కి పోతాయి.
లక్షా పన్నెండు వేల దగ్గర
నా పుస్తకానికి పాటు పట్టింది.
ఇరవై రోజులు ఒక్క గీత నిండలేదు.
మార్జిన్‌లో రాసుకున్నాను:
పాటుకి కొమ్ము విరిస్తే పాట.
బాగానే ఉంది.
ఆ మాటకెవరూ రూపాయివ్వరు.

అప్పుడు పిలిచాడు చెరువుల ఆసామి,
రాత్రంతా ఏరియేటర్లు తిరిగే నలభై ఎకరాల మనిషి.
"మిగిలిందంతా నేనిస్తా.
ఒక్క పాట మా అన్నయ్య మీద కట్టు,
వచ్చే ఎలక్షన్‌కి పనికొస్తుంది."
మర్యాదగానే అడిగాడు. కాఫీ ఇప్పించాడు.
ఆలోచించలేదని చెబితే అబద్ధం.
ఆ రాత్రి పల్లవి కట్టాను కూడా.
ఇట్టే కుదిరింది. అందుకే భయం వేసింది.
తెల్లారి వెళ్ళి "అవదండి" అన్నాను.
"ఆయ్, మీ ఇష్టం" అన్నాడు.
ఆ "ఆయ్"కి అవతలి గట్టు కనపడలేదు.

తొమ్మిది ఆరయ్యాయి.
తీసేసిన మూడూ
నేను అన్నం వారుస్తుంటే వచ్చి కూర్చుంటాయి.
మాట్లాడవు.

రాజమండ్రి నుంచి మైకులు మోసుకొచ్చిన ప్రభంజన్
నాలుగో పాట మధ్యలో చెయ్యెత్తాడు.
"అడుగున ఏదో గురక. వినిపిస్తోందా?"
వినిపించింది.
నలభై చాపలు దాటుకుని
పీచు పీచునా దూరి వచ్చిన
ఆరున్నర పంటు ఇంజను.
"తీసేయొచ్చు లెండి, రెండు నిమిషాల పని."

పుస్తకం తెరిచాను. పదకొండో పేజీ.
కొప్పాడి సత్యలింగం, పంటు డ్రైవరు,
రెండొందలు.
"ఉంచండి," అన్నాను,
"ఆయన చందా ఇచ్చాడు."

అచ్చువాడికింకా పదమూడు వేలు బాకీ.
రేపు పోటు తెల్లారుజామునే అట.